లండన్ పాడ్‌కాస్ట్‌తో హైదరాబాద్ ఆకాశం చూడాలంటే

బీబీసీ స్కై ఎట్ నైట్ మ్యాగజైన్ వాళ్ల ‘స్టార్ డైరీ’ పాడ్‌కాస్ట్ ప్రతి వారం వస్తుంది, వినడానికి హాయిగా ఉంటుంది. కానీ అది బ్రిటన్ ఆకాశం. డాబా ఎక్కేముందు చిన్న లెక్క వేసుకోండి.

లండన్ అక్షాంశం సుమారు 51.5 డిగ్రీలు, హైదరాబాద్‌ది 17.4. అందుకే వాళ్లకు దక్షిణాన కనిపించేది మనకు 34 డిగ్రీలు ఎక్కువ ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పట్టిన పిడికిలి దాదాపు 10 డిగ్రీలు, కాబట్టి మూడున్నర పిడికిళ్లు పైకి చూడాలి. జ్యేష్ఠా నక్షత్రం (ఆంటారిస్) ‘బాగా కింద ఉంటుంది, కష్టం’ అని వాళ్లంటే అస్సలు పట్టించుకోకండి, మనకు సగం ఆకాశం ఎక్కుతుంది. ఉత్తరాన మాత్రం నష్టం మనదే. అక్కడ అస్తమించని సప్తర్షి మండలం మనకు అక్టోబర్, నవంబర్ సాయంత్రాల్లో కనిపించదు.

నక్షత్రాలకు వాళ్లు చెప్పిన టైమ్ చలికాలంలో మన గడియారానికి దాదాపు అలాగే పనికొస్తుంది. వేసవిలో వాళ్ల గడియారం గంట ముందుంటుంది కాబట్టి ఒక గంట తీసేయండి. చంద్రుడితోనే పేచీ. నక్షత్రాల మధ్య గంటకు అర డిగ్రీ చొప్పున తూర్పుకు జరుగుతాడు. మన రాత్రి 9 వాళ్ల 9 కంటే కొన్ని గంటల ముందే వస్తుంది, కాబట్టి అప్పటికి వాళ్లు చెప్పిన చోటికి రెండు మూడు డిగ్రీలు పడమర వైపు ఉంటాడు.

ఫిబ్రవరి సాయంత్రాల్లో దక్షిణాన మెరిసే అగస్త్య నక్షత్రం గురించి వాళ్లు చెప్తారని ఎదురుచూడకండి, బ్రిటన్‌లో అది ఉదయించనే ఉదయించదు.