బండి ట్రాన్స్‌మిషన్ నేర్చుకుందాం – 6వ పాఠం: చైన్ ఏ బండికి, బెల్ట్ ఏ బండికి

వెనక స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం) పళ్లను ముందు స్ప్రాకెట్ పళ్లతో భాగించి నిష్పత్తి కట్టడం కిందటి పాఠంలో చూశాం. 45ని 15తో భాగిస్తే 3. ఆ లెక్క ఇవాళ మళ్లీ పనికొస్తుంది.

చైన్‌కు ఆయిల్ పెట్టాలి, బెల్ట్‌కు అక్కర్లేదు కాబట్టి బెల్టే మేలు అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. అది చివర చూసుకోవలసిన తేడా. మొదట చూడవలసింది స్వింగ్‌ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చేయి.

చక్రం ఎత్తు మీదికెక్కి లేచినప్పుడు వెనక ఇరుసు స్వింగ్‌ఆర్మ్ పివట్ (ఆ చేయి ఆడే కీలు) చుట్టూ తిరుగుతుంది. ముందు స్ప్రాకెట్ మాత్రం ఆ పివట్‌కు కాస్త ముందు, గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద ఉంటుంది. కేంద్రాలు వేరు కాబట్టి చక్రం లేచి దిగేకొద్దీ రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం మారుతుంది. షాఫ్ట్, పివట్, ఇరుసు ఒకే గీత మీదికి వచ్చినప్పుడు ఆ దూరం అన్నిటికన్నా ఎక్కువ. చైన్ బాగా బిగిసేది అప్పుడే. చైన్‌లో లూజు వదిలేది ఇందుకే: చాలా రోడ్డు బళ్లకు 25–35 మి.మీ., సస్పెన్షన్ ఎక్కువ ఆడే బళ్లకు ఇంకా ఎక్కువ. సరైన అంకె మీ బండి మాన్యువల్లో ఉంటుంది.

బెల్ట్‌కు ఈ వెసులుబాటు లేదు. దాని లోపల అరామిడ్ (గట్టి కృత్రిమ నార) లేదా కార్బన్ దారాలుంటాయి, అవి దాదాపు సాగవు. లూజు వదిలితే గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బెల్ట్ పుల్లీ (బెల్ట్ తిరిగే పళ్ల చక్రం) పళ్ల మీదికెక్కి జారుతుంది. మరీ బిగిస్తే గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగు, చక్రం బేరింగు ఆ భారం మోయాలి. అందుకే సస్పెన్షన్ తక్కువ ఆడే క్రూయిజర్లలో బెల్ట్ బాగా కుదిరింది. 1980లో వచ్చిన హార్లీ-డేవిడ్‌సన్ స్టర్జిస్ దీనికి పాత ఉదాహరణ. బ్యూయెల్ ఎక్స్‌బీ బళ్లలో మధ్యలో ఒక ఐడ్లర్ పుల్లీ (బెల్ట్‌ను నొక్కిపట్టే అదనపు పుల్లీ) పెట్టి బిగువు మారకుండా చూశారు. మట్టి దారుల కోసం చేసిన, సస్పెన్షన్ ఎక్కువ ఆడే బళ్లలో బెల్ట్ అంతగా కనబడకపోవడానికి మొదటి కారణం ఈ జ్యామితే.

రెండో కారణం రాళ్లు. చైన్, స్ప్రాకెట్ మధ్య పడ్డ చిన్న రాయి చాలాసార్లు నలిగిపోతుంది, లేదా పక్కకు ఎగిరిపోతుంది. బెల్ట్, పుల్లీ మధ్య ఇరుక్కున్న రాయి దారాల్లోకి గుచ్చుకుంటుంది. పైకి చిన్న రంధ్రమే అయినా, తెగిన దారాలు మోసే బలం పక్క దారాల మీద పడుతుంది.

ఇక నిష్పత్తి. 15 పళ్ల ముందు స్ప్రాకెట్ తీసి 14 పళ్లది వేస్తే 3 కాస్తా 3.21 అవుతుంది. అదే మార్పు వెనక చేయాలంటే 48 పళ్లది (3.2) వేయాలి, దానికి చైన్‌లో లింకులు కూడా కలపాల్సి రావచ్చు. బెల్ట్‌లో ఈ ఆట సాగదు. లింకు కలపడానికి గానీ తీయడానికి గానీ వీలులేని అతుకులేని వలయం అది. ఆ బండికి సరిపడే వేరే పుల్లీలు, బెల్ట్ పొడవులు కూడా తక్కువే దొరుకుతాయి. పైగా దారాలు చిన్న వలయంలో వంగలేవు కాబట్టి ముందు పుల్లీ పెద్దదిగా ఉండాలి. ముందుది పెద్దదైతే వెనకదీ పెద్దదవుతుంది. చైన్ బండికి బెల్ట్ పెట్టుకుందామనుకునేవారు ఇంజిన్ కవర్ లోపల ఆ పెద్ద పుల్లీకి చోటుందో లేదో ముందు కొలుచుకోవాలి. చాలా బళ్లలో ఉండదు.

మార్చే పనిలోనూ తేడా ఉంది. చైన్‌ను ఒక లింకు దగ్గర తెంపి, కొత్తది వేసి, రివెట్ లింకుతో (పిన్ను కొనలు నొక్కి బిగించే కలుపు లింకు) కలిపేయొచ్చు. క్లిప్ లింకైతే క్లిప్ మూసి ఉన్న కొన చైన్ నడిచే దిశలో ఉండాలి, తిప్పి పెడితే ఏదైనా తగిలి ఊడిపోతుంది. బెల్ట్ మార్చాలంటే చాలా బళ్లలో స్వింగ్‌ఆర్మ్ ఊడదీయాల్సిందే. ఆ పనిలో కొత్త బెల్ట్‌ను మడవకండి, మెలి తిప్పకండి. ముందు పుల్లీ కన్నా చిన్న వలయంగా గానీ, వెనక్కి గానీ వంచితే లోపలి దారాలు విరుగుతాయి. పైకి ఏమీ కనబడదు. కొన్నాళ్లకు దారిలో తెగుతుంది.

ఇప్పుడు సంరక్షణ. చైన్ "సాగింది" అంటాం గానీ సాగేది ఇనుము కాదు. పిన్నులు, బుష్షులు అరిగి ఒక్కో లింకు దగ్గర కాస్త కాస్త సందు పెరుగుతుంది. ఓ-రింగు (లింకుల్లో రబ్బరు రింగులున్న) చైన్‌లో గ్రీజు లోపలే బంధించి ఉంటుంది. పైన పెట్టే ఆయిల్ రింగులు ఎండకుండా, రోలర్లు తుప్పు పట్టకుండా ఉండటానికే. కడగడానికి కిరోసిన్, మెత్తని బ్రష్ చాలు. పెట్రోలు, ఇనుప బ్రష్ రింగులను పాడుచేస్తాయి. సుమారు 500–800 కి.మీ.లకోసారి, వానలో తడిసిన ప్రతిసారీ ఆయిల్ పెట్టాలి. చక్రం చేత్తో తిప్పాలి, ఇంజిన్ ఆపి ఉండాలి. తిరిగే చైన్ దగ్గర గుడ్డ పట్టుకుని వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

బెల్ట్‌కు సబ్బునీళ్లు చాలు, ఆయిల్ గానీ గ్రీజు గానీ తగలనీయకండి. కింది వరస మధ్యలో సుమారు 4.5 కిలోల బలంతో నెట్టి ఎంత కదిలిందో చూడటం మామూలు పద్ధతి. ఎంత కదలాలో, ఎంత బలంతో నెట్టాలో మాన్యువల్ చెబుతుంది. పళ్ల మొదట్లో వెంట్రుకంత పగుళ్లుంటే గమనిస్తూ నడపొచ్చు. పన్ను ఊడినా, పళ్లు ఒకవైపు కొక్కెంలా అరిగినా, రాయి దెబ్బ అంచున తగిలినా మార్చేయాలి.

చైన్ పాడైపోయే ముందు చాలాకాలం చప్పుడు చేస్తుంది, అక్కడక్కడా బిగుస్తుంది. బెల్ట్ చాలాసార్లు చెప్పకుండా తెగుతుంది. అయితే తెగిన బెల్ట్‌తో బండి సాధారణంగా ఆగిపోవడమే ఉంటుంది. తెగిన చైన్ మాత్రం కుప్పగా చుట్టుకుని ఇంజిన్ కేసును పగలగొట్టగలదు, చక్రాన్నీ పట్టేయగలదు.

రోజూ తారురోడ్డు మీద దూరం వెళ్లేవారు, గేరింగ్ మార్చే ఆలోచన లేనివారు ఫ్యాక్టరీ నుంచే బెల్ట్‌తో వచ్చిన బండి తీసుకోవచ్చు. కంకర, మట్టి దారులున్నా, నిష్పత్తి మార్చి చూడాలనున్నా చైన్. చైన్ బండిని బెల్ట్‌కు మార్చడం మాత్రం మా దృష్టిలో శ్రమకు తగ్గ పని కాదు.

అభ్యాసం: మీ చైన్ మీద 520, 525, 530లలో ఏదుందో చూడండి. మొదటి అంకె 5 అంటే పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) అంగుళంలో 8వ వంతులు ఐదు, అంటే 15.875 మి.మీ. చైన్‌ను బిగువుగా పట్టి 20 లింకులు, అంటే మొదటి పిన్ను నుంచి 21వ పిన్ను దాకా, మధ్య నుంచి మధ్యకు కొలవండి. కొత్తదైతే 317.5 మి.మీ. రావాలి. 1 శాతం దాటి 321 చూపిస్తే చైన్‌తో పాటు రెండు స్ప్రాకెట్లూ మార్చే సమయం వచ్చినట్టే. 3 చోట్ల కొలిచి, అన్నిటికన్నా పెద్ద అంకె రాసిపెట్టుకోండి. 7వ పాఠంలో రివెట్ లింకు కలిపేటప్పుడు అది కావాలి.