రాంగ్ రూట్ చిరాకును సండే స్కూలు గుమ్మం బయటే వదిలేయడం ఎలా?

సండే స్కూలు పాఠం తరగతి గదిలో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. ఉప్పల్ నుంచి హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ మీదుగా సికింద్రాబాద్‌లోని మా చర్చికి స్కూటర్ మీద వెళ్ళే నాకు, అది ఇంటి గేటు దగ్గరే మొదలవుతుందని తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ఒక ఆదివారం రాంగ్ రూట్‌లో ఎదురొచ్చిన కారాయన, తప్పు నాదే అన్నట్టు గుడ్లురిమి వెళ్ళాడు. ఆ మంట గొంతులో పెట్టుకుని తరగతికి వెళ్ళి, పెన్సిలు కింద పడేసిన పిల్లవాడి మీద అరిచాను.

కాబట్టి ముందు దారి సంగతి చూడాలి. ఆదివారం రోడ్లు ఖాళీగా ఉంటాయన్నది నిజమే కానీ, ఖాళీగా ఉన్నందువల్లే వేగం పెరుగుతుంది, ఎర్ర సిగ్నలుకు విలువ తగ్గుతుంది. చౌరస్తా మూసి యూటర్న్ దూరంగా పెట్టిన ప్రతిచోటా, అంత దూరం వెళ్ళి తిరిగి రావడానికి బద్ధకించినవారు ఎదురు దిశలోనే వచ్చేస్తారు. ఇలా నడపడాన్ని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే చేర్చింది. అయినా చట్టం మన పక్షాన ఉండటం స్కూటరుకు బ్రేకుగా పనికిరాదు. అలాంటి చోట్లను గుర్తుపెట్టుకుని, అక్కడికి రాకముందే వేగం తగ్గించి, ఎదురొచ్చేవారికి దారి వదిలి, హారన్ కొట్టకుండా సాగిపోవాలి. ఇరవై నిమిషాలు ముందుగా బయలుదేరితే ఇదంతా అవమానంగా అనిపించదు. వీలైనవారు మెట్రో ఎక్కడం ఇంకా మేలు: ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ ఈస్ట్ వరకు అది ఇదే రోడ్డు మీదుగా వెళ్తుంది, దారిలో పాఠం మరోసారి చూసుకోవచ్చు. బండి మీద వచ్చినవారు హెల్మెట్ తీసి, నాలుగు గుక్కలు నీళ్ళు తాగి, రెండు నిమిషాలు ఊరికే నిలబడి, ఆ తరువాతే లోపలికి వెళ్ళాలి.

పాఠాన్ని శనివారం రాత్రే సిద్ధం చేసుకోవాలి. ఒక వారానికి ఒకే కథ చాలు. లూకా సువార్త 19వ అధ్యాయంలోని జక్కయ్య కథనే తీసుకుందాం. తెలుగు బైబిలు అతణ్ణి ‘సుంకపు గుత్తదారుడు’ అంటుంది, అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఈ మాట ఎనిమిదేళ్ళ పిల్లలకు అర్థం కాదు; ఔటర్ రింగ్ రోడ్డు మీద టోల్ గేటు చూడని పిల్లలు మాత్రం తక్కువ, కనుక అక్కడి నుంచి మొదలుపెట్టాలి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్న మాట దగ్గరికి వచ్చాక, నోటితో వివరించకుండా చింతగింజలు బయటికి తీయాలి. ఒక పిల్ల దగ్గర ఐదు గింజలు లాక్కుని, ఇప్పుడు ఎన్ని ఇవ్వాలో మిగతావారిని లెక్కపెట్టమనాలి. ఇరవై గింజలు ఒక్కొక్కటిగా ఆ పిల్ల అరచేతిలో పడుతుంటే, చివరివి పట్టక నేల మీదికి దొర్లుతాయి. వాటిని ఏరడానికి తరగతి అంతా బెంచీల కిందికి దూరుతుంది. ఆ గోలను ఆపకూడదు, కథ ఆ గోలలోనే వాళ్ళకు గుర్తుండిపోతుంది.

పిల్లలు కంఠత పట్టాల్సిన బైబిలు వాక్యం దగ్గర మన నగరంలో వేరే చిక్కు ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవమంటే మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతారు. వాళ్ళ కోసం వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇవ్వడం నాకు నచ్చదు. ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో 1780లో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి ప్రారంభించింది, వారమంతా పనిలో ఉండే పేదపిల్లలకు చదవడం నేర్పడానికే. ఆ పనిని మనం వదిలేయనవసరం లేదు. చార్టు మీద వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసి, ఒత్తులకు మాత్రం ఎర్ర స్కెచ్ పెన్ను వాడి, వారానికి ఒక్క ఒత్తును పట్టుకుంటే చాలు. మా తరగతిలో ఒక పాప ‘గుత్తదారుడు’ను మూడు వారాలకు తడబడకుండా చదివి, చదివింది తానేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

హాజరు, కానుకల డబ్బా, బిస్కెట్లు వంటివి పెద్దపిల్లలకు అప్పగించాలి. అల్లరి చేసేవాణ్ణి చార్టు పట్టుకోమని ముందు నిలబెడితే సరిపోతుంది.

చివరి ఐదు నిమిషాలు పిల్లలు కథను తిరిగి చెప్పడానికి వదిలిపెట్టాలి, మధ్యలో దిద్దకూడదు. క్రితంసారి జక్కయ్య కథ చెప్పమంటే, నా అరుపు తిన్న ఆ పెన్సిలు పిల్లవాడే లేచి, "ఆయన రోజూ రాంగ్ రూట్‌లో వెళ్ళేవాడు టీచర్, తరువాత ఎవరూ పట్టుకోకముందే తనే వచ్చి చలానా కట్టేశాడు" అన్నాడు. నాకు నవ్వు ఆగక, చార్టు చాటున మొహం దాచుకోవలసి వచ్చింది.