వేసవి సెలవుల్లో ప్రజారోగ్య శిక్షణకు పశువైద్య విద్యార్థులు దరఖాస్తు చేసుకునే విధానం

పశువైద్య పట్టా కోర్సు బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఐదున్నరేళ్లది. అందులో ఏడాది పాటు సాగే ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఇక్కడ వివరిస్తున్నది దాని గురించి కాదు. వేసవి సెలవుల్లో కబేళాలోనో, వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలోనో, వీధికుక్కల సంతాన నియంత్రణ కేంద్రంలోనో విద్యార్థి స్వచ్ఛందంగా పొందే కొద్ది వారాల శిక్షణ గురించి. ఇది ఇంటర్న్‌షిప్‌కు ప్రత్యామ్నాయం కాదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యులే వైద్యం చేసి ధ్రువపత్రాలపై సంతకం పెట్టాలి కనుక, విద్యార్థి వారి పర్యవేక్షణలో ఉండి నేర్చుకోవలసిందే.

ముందుగా మీ కళాశాలలోని పశువైద్య ప్రజారోగ్య విభాగం ఆచార్యులను కలిసి, ఏ అంశం నేర్చుకోవాలనుకుంటున్నారో చెప్పండి. మాంస పరీక్షపై ఆసక్తి ఉంటే పురపాలక సంఘం కబేళాను, మాంస పరిశుభ్రతపై పరిశోధన చూడాలనుకుంటే హైదరాబాద్ శివార్లలోని చెంగిచెర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థ వంటి చోటును ఎంచుకోవచ్చు. విద్యార్థులను తీసుకుంటున్నారా, రుసుము ఎంత, వసతి ఉందా అన్న విషయాలను దరఖాస్తుకు ముందే ఆ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

దరఖాస్తును సంస్థ అధిపతి పేరిట రాసి, కళాశాల అసోసియేట్ డీన్ ద్వారానే పంపాలి. దానికి బోనఫైడ్ సర్టిఫికెట్, మార్కుల పత్రాల నకళ్లు, నిరభ్యంతర పత్రం, తల్లిదండ్రుల సమ్మతి పత్రం జతచేయడం మంచిది. "ప్రజారోగ్యంపై ఆసక్తి ఉంది" అన్న ఒక్క వాక్యం ఏ అధికారికీ ఏమీ చెప్పదు. వధకు ముందు పశువును ఎలా పరీక్షిస్తారో, వధ తరువాత ఊపిరితిత్తులు, కాలేయం, లింఫు గ్రంథుల్లో క్షయ గుర్తులను, హైడాటిడ్ తిత్తులను (బద్దెపురుగు లార్వాల వల్ల ఏర్పడే నీటి తిత్తులను) ఎలా పట్టుకుంటారో చూడాలనుకుంటున్నానని రాస్తే, మిమ్మల్ని ఎవరి వద్ద ఉంచాలో వారికి వెంటనే తెలుస్తుంది.

చాలామంది చివరి నిమిషం వరకు పట్టించుకోని విషయం రేబిస్ టీకా. కుక్కలతో పనిచేసేవారికి, రేబిస్ నమూనాలు వచ్చే ప్రయోగశాలలో అడుగుపెట్టేవారికి ఇది ముందే పూర్తికావాలి. మన దేశంలో ముందస్తు టీకాను మొదటి రోజున (దీన్ని 0వ రోజుగా లెక్కిస్తారు), 7వ రోజున, 21 లేదా 28వ రోజున ఇస్తారు. అంటే శిక్షణ మే నెలలో మొదలైతే మార్చి నెలాఖరుకే తొలి డోసు పడితే మంచిది. టీకా కార్డు నకలును దరఖాస్తుకు జతచేయండి. టీకా వేయించుకున్నాక కుక్క కరిచినా నిర్లక్ష్యం పనికిరాదు: గాయాన్ని సబ్బు నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వైద్యుడి సలహాతో మళ్లీ రెండు డోసులు, వెంటనే ఒకటి, 3వ రోజున ఇంకొకటి, వేయించుకోవాలి. పశువుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా వ్యాధి బ్రూసెల్లోసిస్‌కు మన దేశంలో మనుషులకు టీకా లేదు. గర్భస్రావమైన పశువుల మావిని, స్రావాలను చేతితొడుగులు, మాస్కు లేకుండా తాకకూడదు. ఈ జాగ్రత్తలు పాటిస్తానని దరఖాస్తులో ఒక హామీ వాక్యం రాస్తే అధికారికి నమ్మకం కలుగుతుంది.

అనుమతి ఉత్తర్వు చేతికి అందిన తరువాతే ప్రయాణ ఏర్పాట్లు చేసుకోండి. శిక్షణ ముగిసే రోజున హాజరు తేదీలు, పనిచేసిన విభాగం పేరు ఉన్న ధ్రువపత్రాన్ని పర్యవేక్షక వైద్యుడి సంతకంతో తీసుకుని, రోజువారీ నమోదు పుస్తకంతో పాటు మీ కళాశాల ప్రజారోగ్య విభాగంలో అందజేయాలి.