రాత్రి తోమే రెండు నిమిషాలు: పిల్లలకూ పెద్దలకూ పళ్లు, చిగుళ్ల సంరక్షణ

కోనసీమ ఊళ్లలో పొద్దున్నే వేపపుల్ల నములుతూ కాలవగట్టున అరగంట నిలబడే పెద్దలు ఇప్పటికీ కనబడతారు. అంత శ్రద్ధగల ఇళ్లలోనే యాభై దాటేసరికి పళ్లు కదలడమూ, ఆరేళ్ల పిల్లలకు దవడపళ్లు పుచ్చిపోవడమూ చూస్తూనే ఉన్నాము. లోపం చాలావరకు తోమకపోవడంలో లేదు. తోమే వేళలోనూ తోమే చోటులోనూ ఉంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కనుక, రాత్రి భోజనం తరువాత పళ్ల సందుల్లో మిగిలిన పదార్థాన్ని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తున్నప్పుడు దాన్ని కడిగి పలచబరిచే రక్షణ నోటికి ఉండదు. రోజుకు రెండుసార్లు తోమాలి. ఏ పూటైనా ఒకటి తప్పక తప్పదనుకుంటే తప్పించవలసింది రాత్రిపూటది మాత్రం కాదు.

మెత్తని కుచ్చు ఉన్న బ్రష్షు, ఫ్లోరైడ్ కలిసిన పేస్టు చాలు. మా మామ్మ కడదాకా కచ్చికతోనే, అప్పుడప్పుడు ఉప్పు కలిపి, చూపుడువేలితో అడ్డంగా రుద్దుకునేది. పళ్లు తెల్లగానే ఉండేవి గాని, చిగురు దగ్గర ఒక్కొక్క పంటి మొదట్లో కత్తిపీటకు ఆనించి కోసినట్టు ఒక గాటు ఉండేది, చల్లటి మజ్జిగ తగిలితే ఆవిడ కళ్లు మూసుకునేది. బూడిద, బొగ్గు, ఉప్పు, గట్టి బ్రష్షు, వీటిలో దేనితో బలంగా రుద్దినా జరిగేది అదే. పంటి పైపొర ఒకసారి అరిగితే మళ్లీ పెరగదు.

బ్రష్షును పన్నూ చిగురూ కలిసే గీత మీద కొంచెం ఏటవాలుగా ఆనించి, రెండేసి పళ్ల చొప్పున చిన్న చిన్న సున్నలు చుట్టినట్టు తిప్పుతూ, బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు పూర్తి చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. చాలామంది వదిలేసే చోటు కింది ముందుపళ్ల వెనక భాగం. లాలాజలం ఊరే రంధ్రాలు నాలుక కింద అక్కడే ఉండటం వల్ల గార మొదట అక్కడే కడుతుంది. బ్రష్షును నిలువుగా పట్టుకుంటే గాని అక్కడికి కుచ్చు చేరదు. తోమిన తరువాత నురుగు ఉమ్మేసి ఊరుకోవాలి. చెంబుడు నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా పోతుంది. కుచ్చు విచ్చుకున్నా, మూడు నెలలు దాటినా బ్రష్షు మార్చేయండి.

పిల్లల సంగతి మొదటి పన్ను కనబడిన రోజే మొదలవుతుంది. మూడేళ్లలోపు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు సరిపోతాయి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమించాలి, ఎందుకంటే అంతవరకూ వాళ్ల చేతికి ఆ ఒడుపు రాదు. నెలకొకసారి పిల్లవాడి తల ఒళ్లో పెట్టుకుని, పైపెదవి ఎత్తి, సెల్‌ఫోను లైటు వేసి చూడండి: ముందుపళ్ల మీద చిగురు పక్కన సున్నం గీత గీసినట్టు తెల్లటి చార కనబడితే అది పుచ్చుకు మొదటి గుర్తు. ఆ దశలో జాగ్రత్తపడితే ఆగుతుంది, గోధుమరంగు గుంట పడితే ఆగదు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే ఇళ్లలో ఈ చార తరచు కనబడుతుంది.

పాలపళ్లు ఊడిపోయేవే కదా అని ఊరుకునేవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఆరో ఏడు ప్రాంతంలో ఏ పన్నూ ఊడకుండానే వరుస చివర ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. అది శాశ్వతమైనది. పాలపన్నే అనుకుని పుచ్చిపోనిచ్చిన తల్లిదండ్రులు ఎందరో! దాని లోతైన గాడులను సీలెంటుతో, అంటే పంటి వైద్యుడు వేసే పలచని పూతతో, పూడ్పించడం మంచిది.

తీపి విషయంలో ఎంత తిన్నామన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ సుమారు అరగంట సేపు పళ్ల మీద ఆమ్లం పనిచేస్తుంది. అందువల్ల భోజనంతో పాటు ఒక పూతరేకు తినేవాడి కన్నా, తీర్థంలో కొన్న జీళ్ల పొట్లం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగదీసుకుంటూ తినేవాడి పళ్లకే ముప్పు ఎక్కువ. బెల్లం మంచిదన్న మాట పళ్ల దగ్గర చెల్లదు.

చిగుళ్ల నుంచి రక్తం వస్తే చాలామంది అక్కడ తోమడం మానేస్తారు. చేయవలసింది దానికి సరిగ్గా ఎదురు. పాచి పేరుకోవడం వల్లనే చిగురు వాచి రక్తం కారుతుంది కనుక, అదే చోట మెల్లగా, మరింత శ్రద్ధగా తోమితే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే పాచి గారగా గట్టిపడిందన్నమాట, దాన్ని వైద్యుడే తీయాలి. గార తీయిస్తే పళ్లు కదులుతాయన్న భయం నిజం కాదు: అంతవరకూ గార నిండి ఉన్న సందు ఖాళీ అయ్యి అలా అనిపిస్తుంది, అంతే. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. గర్భిణుల చిగుళ్లు వాయడం మామూలే అయినా చూపించుకోవాలి. ఖర్చుకు వెనకాడేవారు భీమవరం, రాజమండ్రి వైపు ఉన్న దంతవైద్య కళాశాలల ఆసుపత్రులకు వెళ్లవచ్చు.

లంక పొగాకు చుట్ట, ముఖ్యంగా నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ, ఖైనీ, గుట్కా చిగుళ్లను తినేయడమే గాక క్యాన్సర్‌కు దారితీస్తాయి. నోట్లో తెల్లని లేదా ఎర్రని మచ్చ గాని, పుండు గాని రెండు వారాలకూ మానకపోతే ఇక ఆగకూడదు. పంటినొప్పికి చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ల నొక్కిపెట్టడం కూడా మానాలి, అది చిగురును కాల్చేస్తుంది.

పిల్లవాడు పడి శాశ్వతమైన పన్ను వేరుతో సహా ఊడి వస్తే, పన్నును పైభాగం పట్టుకుని తీసి, వేరును రుద్దకుండా శుభ్రమైన నీళ్లతో ఒక్కసారి తడిపి, వీలైతే గూట్లోనే తిరిగి నిలబెట్టాలి. లేదా గ్లాసుడు పాలల్లో వేసి గంటలోపు వైద్యుడి దగ్గరికి చేర్చాలి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు. చెట్టు కిందే ఉంది కదా అని కొబ్బరిబోండాం కొట్టి అందులో వేయబోకండి. ఆ నీళ్లకు కొంత ఆమ్లగుణం ఉంటుంది, పాలే మేలు.