రిపోర్టు రాకముందే ఆలోచింపజేయడం: వైద్య విద్యార్థులకు బోధించేవారికి

ఎంబీబీఎస్ మూడో సంవత్సరానికి వచ్చేసరికి విద్యార్థికి జ్వరానికి గల కారణాలన్నీ కంఠతా వచ్చి ఉంటాయి. ఎదుట మంచంపై ఉన్న రోగికి వాటిలో ఏది ఎందుకు వర్తిస్తుందో, ఏది ఎందుకు వర్తించదో చెప్పమంటే మాత్రం తడబడతాడు. ఈ లోటు ప్రత్యేక ఉపన్యాసాలతో తీరేది కాదు. బెడ్‌సైడ్ క్లినిక్‌లో మనం ప్రశ్నలు అడిగే వరుసను మార్చుకోవాలి.

ముందుగా రిపోర్టులను పక్కన పెట్టించండి. కేసు ప్రెజెంట్ చేసే విద్యార్థి చేత, రోగి చెప్పిన వివరాలు, తాను పరీక్షించి తెలుసుకున్న అంశాల ఆధారంగా మాత్రమే, తన మొదటి అనుమానం ఏమిటో, దానికి ఆధారం ఏమిటో, ఏమి కనబడితే ఆ అనుమానాన్ని వదులుకుంటాడో కాగితంపై రాయించండి. ఈ మూడోదాన్ని ఎవరూ ఇష్టంగా రాయరు, కాబట్టి పట్టుబట్టాలి. యాభై ఏళ్ల షుగర్ రోగి ఛాతీ పట్టుకుని "గ్యాస్ పట్టేసింది డాక్టరు గారూ" అన్నప్పుడు, ఆ మాటే కేస్ షీట్‌లో రోగనిర్ధారణగా మారిపోకుండా, ఈసీజీ తీయకుండానే మాత్ర రాసి పంపకుండా ఆపగలిగేది అదే.

తరువాత పరీక్షల విలువను లెక్కకట్టడం నేర్పాలి. హైదరాబాద్‌లో వానాకాలం మొదలవగానే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఓపీ నుంచి వీధి చివరి క్లినిక్ దాకా జ్వరాలే కాబట్టి టైఫాయిడ్‌ను గుర్తించడానికి చేసే వైడాల్ రక్తపరీక్ష మంచి ఉదాహరణ. వెయ్యి మంది జ్వర రోగుల్లో వందమందికే టైఫాయిడ్ ఉందనీ, పరీక్ష ఆ వందలో 80 మందిని పట్టుకుంటుందనీ, టైఫాయిడ్ లేనివారిలోనూ నూటికి 20 మందికి పాజిటివ్ చూపుతుందనీ లెక్క కోసం అనుకుందాం. అప్పుడు నిజమైన పాజిటివ్‌లు 80, తప్పుడువి 180. పాజిటివ్ వచ్చిన ప్రతి పదిమందిలో రోగం ఉన్నది సుమారు ముగ్గురికే. ఈ లెక్కను బోర్డు మీద మీరు చేయకుండా విద్యార్థులతోనే చేయించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందు బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఎందుకు పంపాలో వారినే అడగండి.

పరిశోధన పత్రాన్ని ప్రశ్నించడం నేర్పడానికి దూరం వెళ్లనక్కరలేదు. అప్పట్లో ఆపరేషన్లకు మత్తుమందుగా వాడిన క్లోరోఫామ్ వల్ల సంభవించే మరణాలపై 1888, 1889లలో రెండు కమిషన్లు హైదరాబాద్‌లోనే పనిచేశాయి. ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ప్రభుత్వ ఆర్థిక సాయంతో వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదని, శ్వాసే ముందు ఆగుతుందని, కాబట్టి శ్వాసను గమనిస్తే చాలునని తేల్చారు. కానీ క్లోరోఫామ్ తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి మరణం సంభవించగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు పిల్లులపై చూపించాడు. మొదట కమిషన్ నిర్ధారణ మాత్రమే విద్యార్థులకు ఇచ్చి, అంత పెద్ద సంఖ్యలో చేసిన ప్రయోగాలు కూడా ఎందుకు దారి తప్పగలిగాయో వాదించమనాలి; లెవీ పేరు ఆ తరువాతే చెప్పాలి. మన ఊరి చరిత్ర గనుక ఆసక్తి కూడా తనంతట తానే వస్తుంది.

అయితే వార్డులో పెద్దరికం ఉన్నంతకాలం ఇవేవీ సాగవు. ప్రొఫెసర్ ముందే అభిప్రాయం చెబితే పీజీ తలూపుతాడు, హౌస్ సర్జన్ రాసుకుంటాడు, విద్యార్థి మౌనంగా ఉంటాడు. అందువల్ల రౌండ్‌లో మాటను అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టించి, యూనిట్ చీఫ్ చివర మాట్లాడాలి. "సార్, ఇది సరిపోలడం లేదు" అన్నవాడిని ఎందుకని అడిగి, పూర్తిగా వినాలి.

మార్కుల విషయంలోనూ ఇదే నియమం పాటించాలి: అదృష్టం కొద్దీ సరైన రోగం పేరు చెప్పినవాడికంటే, సహేతుకంగా ఆలోచించి పొరబడినవాడికి ఎక్కువ వేయండి. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక ప్రకారం లాగ్‌బుక్ ఎలాగూ రాయాలి గనుక, ప్రతి కేసుకూ తన అభిప్రాయం ఎప్పుడు, ఏ ఆధారంతో మారిందో అందులో ఒక వరుస రాయించి, అది ఖాళీగా ఉంటే సంతకం పెట్టకండి.