దోస్తులతో కూర్చుని పోయిన ఏడాదిని తిరగేయడం ఎలా

సంక్రాంతికి దోస్తులంతా ఊరికి వస్తారు కదా, ఆ మూడు రోజుల్లో ఒక సాయంత్రం పోయిన ఏడాది కోసం పెట్టుకోండి. హన్మకొండలో మేం ఐదుగురం డిగ్రీ రోజుల నుంచి ఇలా కూర్చుంటున్నాం. సకినాల డబ్బా, ఫ్లాస్కులో చాయ్, ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు.

ఎలక్షన్లతో మాత్రం మొదలుపెట్టొద్దు. 2024 గురించి కూర్చున్నప్పుడు మేం ఆ తప్పే చేశాం, లోక్‌సభ ఫలితాల మాట ఎత్తిన పావుగంటకే గొంతులు లేచాయి, ఒకడు బండి తాళాలు తీసుకుని లేచాడు కూడా. వాణ్ని ఆపింది గోడ మీది పాత క్యాలెండర్. పాల లెక్కలు, గ్యాస్ బుక్ చేసిన తేదీల మధ్య ఫిబ్రవరి 21 చుట్టూ మా అమ్మ పెన్నుతో సున్నా చుట్టింది, మేడారం జాతర మొదలైన రోజు. ఎవరి నిలువెత్తు బంగారం, అంటే మొక్కు బెల్లం, ఎవరు మోశారన్న ముచ్చట రాగానే వాడే మళ్లీ కూర్చున్నాడు.

అందుకే ముందు తేదీలు. నెలకో పేజీ పెట్టి, తేదీ పక్కన ఆ రోజు తానెక్కడున్నాడో ఒక్కొక్కరు ఒక్క ముక్క రాయాలి, అభిప్రాయాలు ఆ తర్వాతే. మే 13న లైన్లో ఎంతసేపు నిలబడ్డారో చెప్పుకోండి, ఓటు ఎవరికన్నది అడగకపోవడమే మంచిది.

రాజకీయాలకు ఒక పేజీ, కల్చర్‌కు ఒక పేజీ అని విడదీయకండి. జూన్ 2నే చూడండి, రాష్ట్రం వచ్చి పదేళ్లు నిండిన రోజున అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ రాష్ట్ర గీతంగా వచ్చింది. అంతకుముందు గొడవంతా దేని మీద? కీరవాణి సంగీతమెందుకని ఒకటి, రాజముద్రలోంచి కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తారట అని ఇంకోటి. ముద్ర మార్పు అప్పటికి వాయిదా పడ్డా మా మధ్య వాదన తెగలేదు, తెల్లారి బండ్లేసుకుని ఖిలా వరంగల్ పోయాం. అక్కడ నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి, మధ్యలో గుడి రాళ్లు పడి ఉన్నాయి. ‘రాజుల గుర్తు మనకెందుకురా’ అన్నవాడు, ‘మన ఊరి గుర్తు’ అన్నవాడు, ఇద్దరూ పైన చెక్కిన హంసలను చూస్తూ మాట్లాడారు. ఒప్పుకోలేదు గానీ ఒకరి మాట ఒకరు పూర్తిగా విన్నారు. తెగని విషయముంటే, దగ్గరైతే, అక్కడికే పోయి మాట్లాడుకోండి.

నవంబర్‌లో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకోవడం రెండు మాటల్లో అయిపోయింది. సెప్టెంబర్ 1 వరద దగ్గర మాత్రం తొందరపడకండి. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన రోజది, హైదరాబాద్‌లో ఉన్న మావాడు వాళ్ల నాన్నకు ఫోన్ కలవక రాత్రంతా టెన్షన్ పడ్డాడు. నోట్‌బుక్‌లో రాసేదాకా ఆ సంగతి మాకెవరికీ తెలీదు.

డిసెంబర్ 4 పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం. మా వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. ఒకడు ‘నిద్రలో ఉన్నా’ అని రాశాడు. అదీ రాయనివ్వండి.