మాజీ సైనికులు అడగక పోగొట్టుకుంటున్న సదుపాయాలు: ఏది, ఎలా రాబట్టుకోవాలి

మాజీ సైనికుడికి పెన్షన్ వస్తుందని, క్యాంటీన్ కార్డు ఉంటుందని, మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్‌లో మందులు ఇస్తారని సైన్యంలో పనిచేసినవారున్న ఏ ఊళ్లోనైనా అందరికీ తెలుసు. వీటికి అవతల ఉన్న సదుపాయాలు మాత్రం దరఖాస్తు పెట్టుకున్నవారికే అందుతాయి. అర్హుల జాబితా తయారుచేసి ఎవరూ ఇంటికి పంపరు. అందువల్ల ఎంత డబ్బు వస్తుందన్నదానికంటే ఏ కాగితం ఎక్కడ, ఎప్పుడు పెట్టాలన్నదానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు ట్రంకుపెట్టె తెరవండి

డిశ్చార్జి బుక్కు (సర్వీసు ముగిసినప్పుడు చేతికిచ్చే పుస్తకం), పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), భార్యాభర్తలిద్దరి ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకం తీసి పక్కపక్కన పరచుకోండి. అన్నిటిలోనూ పేర్లు, పుట్టిన తేదీలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయా అన్నది చూడాలి. సాధారణంగా ఉండవు. మనకు ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు. భర్తీ రోజున గుమాస్తా దాన్ని చివరికి నెట్టి ఉంటాడు, లేదా ఒక్క పొడి అక్షరంగా కుదించి ఉంటాడు. భార్య పేరు డిశ్చార్జి బుక్కులో లక్ష్మి అని, ఆధార్‌లో వెంకటలక్ష్మి అని, పాసుపుస్తకంలో లక్ష్మమ్మ అని ఉంటే, ఆ ముగ్గురూ ఒకరేనని నిరూపించే భారం చివరికి ఆమె మీదే, అదీ భర్త పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు, పడుతుంది. ఆయన బతికుండగా సంతకం పెట్టి దిద్దించుకోగలిగిన తప్పు అది. నోటరీ చేయించిన అఫిడవిట్‌ను, రుజువు పత్రాలను జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా, మీ సర్వీసు వివరాలు భద్రపరిచే రికార్డు ఆఫీసుకు పంపితే, అక్కడ పార్ట్ టూ ఆర్డర్ (ఆ మార్పును రికార్డులో నమోదుచేసే ఉత్తర్వు) వెలువడిన తర్వాత పీపీఓను సవరిస్తారు. నెలలు పట్టే పని కాబట్టి అవసరం రాకముందే మొదలుపెట్టాలి.

పాత పీపీఓల్లో భార్య పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉండటం మరో పెద్ద లోపం. చూడటానికి చిన్నదే కానీ దాని ధర చాలా ఎక్కువ. పెన్షనరైనా, కుటుంబ పెన్షన్ తీసుకునే భార్య అయినా 80 ఏళ్లు నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం, 85 నిండితే 30, 90కి 40, 95కి 50, నూరేళ్లు నిండితే 100 శాతం అదనంగా రావాలి. పుట్టిన తేదీ నమోదు కానప్పుడు ఆమెకు 80 నిండిన సంగతి పెన్షన్ వ్యవస్థకు తెలిసే దారే లేదు. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటే రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్ పోర్టల్‌లో ఆమె వివరాల పేజీ తెరిచి తేదీ ఉందో లేదో ఈరోజే చూడండి. లేకపోతే వయసు రుజువుతో సవరణకు పెట్టండి. ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి అందరికీ తెలిసిందే కనుక దాని గురించి చెప్పను.

పిల్లల పేర్లు కూడా డిశ్చార్జి బుక్కులో ఎక్కి ఉండాలి. పదవీ విరమణ తర్వాత పుట్టిన బిడ్డల పేర్లు చాలామంది ఎక్కించరు. కూతురి చదువుకో పెళ్లికో సాయం అడగడానికి వెళ్లిన రోజున ఆ లోపం బయటపడుతుంది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం

తెలంగాణలో కొన్నిచోట్ల దీన్ని ప్రాంతీయ కార్యాలయం అంటారు. ఢిల్లీలో రక్షణ శాఖ కింద ఉండే కేంద్రీయ సైనిక్ బోర్డుకు, మీకు మధ్య ఉండే గుమ్మం ఇదే. ఇక్కడ పేరు నమోదు చేయించుకుని మాజీ సైనికుడి గుర్తింపు కార్డు తీసుకోవాలి. భర్త చనిపోతే భార్య తన పేరిట వేరే కార్డు తీసుకోవాలి. ఊరు మారినవారు పాత జిల్లా నుంచి కొత్త జిల్లాకు రికార్డు మార్పించుకోకపోతే, రెండు ఆఫీసులూ మీరు అవతలివారి పరిధిలో ఉన్నారని చెప్పి పంపేసే ప్రమాదం ఉంది.

పెన్షన్ లేనివారికి, చిన్న ర్యాంకులవారికి

పెన్షన్ రాకపోతే మాజీ సైనికుడే కాదనుకునేవారు ఉన్నారు. ఇది పొరపాటు. నిర్ణీత సర్వీసు ఒప్పందం ముగిసి, సొంత కోరికమీద కాక, గ్రాట్యుటీతో బయటికి వచ్చినవారు కూడా నిర్వచనంలోకి వస్తారు. (నాలుగేళ్ల అగ్నివీరుల లెక్క వేరు, వారికి ఈ హోదా లేదు.) హవల్దార్ వరకు ఉన్న ర్యాంకుల్లో పనిచేసి, పెన్షన్ లేక, 65 ఏళ్లు దాటి, వేరే స్థిరమైన ఆదాయం లేనివారికి, అలాంటి వారి వితంతువులకు రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి జీవితాంతం నెలవారీ సాయం అందుతుంది. ఈ పేదరిక గ్రాంటు చాలాకాలం నెలకు 4,000 రూపాయలుగా ఉండేది; 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు దాన్ని 8,000 చేశారు. అదే ఉత్తర్వుతో పిల్లల చదువుల గ్రాంటు నెలకు 1,000 నుంచి 2,000కు, పెళ్లి గ్రాంటు 50,000 నుంచి లక్ష రూపాయలకు పెరిగాయి.

చదువుల గ్రాంటు ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు ఇద్దరు పిల్లలకు వస్తుంది. రెండేళ్ల పీజీ చదివే వితంతువులకూ ఇస్తారు. పెళ్లి గ్రాంటు ఇద్దరు కూతుళ్లకు వర్తిస్తుంది. వితంతువు పునర్వివాహానికి కూడా ఈ గ్రాంటు ఉందన్నది చాలామందికి తెలియదు. ఈ రెండింటికీ ర్యాంకు పరిమితి హవల్దారే అయినా, పెన్షన్ వస్తున్నవారు కూడా అర్హులే. కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైటులో దరఖాస్తు చేస్తే, జిల్లా అధికారి పరిశీలించి పైకి పంపుతారు. చదువుల గ్రాంటును చేరబోయే తరగతికి కాక, పాసైన తరగతికి అడగాలి. కాబట్టి మార్కుల జాబితా చేతికి రాగానే పెట్టడం మంచిది.

పిల్లల పై చదువులు

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ 2006-07 నుంచి ఉంది. ఏటా 5,500 మందికి, అందులో సగం అమ్మాయిలకు ఇస్తారు. అమ్మాయికి నెలకు 3,000, అబ్బాయికి 2,500 రూపాయలు. ఇంజనీరింగ్, వైద్యం, బీఈడీ వంటి వృత్తి విద్యా కోర్సుకు తగిన కనీస అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు వచ్చి ఉండాలి. ప్రధానంగా అధికారి స్థాయికి దిగువ ర్యాంకులవారి పిల్లలకు ఇది వర్తిస్తుంది. ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటి సంవత్సరంలో చేరినప్పుడే దరఖాస్తు పెట్టాలి. రెండో ఏట తెలిసి పరుగెత్తితే ఫలితం ఉండదు. ఇక సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలవారికి హోంశాఖ కింద వేరే పథకం ఉంది, వారు సైనిక్ బోర్డులో పెట్టిన దరఖాస్తు చెల్లదు.

ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లలో కొన్నిటిని కేంద్ర కోటా నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా సైనికుల పిల్లలకు కేటాయిస్తారు. యుద్ధంలో మరణించినవారి, వికలాంగులైనవారి పిల్లలకు మొదటి ప్రాధాన్యం. మన రాష్ట్రాల ఇంజనీరింగ్ ప్రవేశాల్లో క్యాప్ కోటా (సాయుధ దళాల సిబ్బంది పిల్లల కోటా) అని పిలిచేది దీనికి వేరు. దానికి కౌన్సెలింగ్‌లో నిర్ణయించిన తేదీన డిశ్చార్జి బుక్కు అసలు ప్రతితో స్వయంగా హాజరు కావాలి. జిరాక్సు ప్రతులతో వెళ్లి సీటు పోగొట్టుకోవద్దు.

రెండో ఉద్యోగం

కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం రిజర్వేషన్ ఉందని, సైన్యంలో గడిపిన కాలాన్ని వయసులోంచి తీసేసి పైన మూడేళ్ల సడలింపు ఇస్తారని కోచింగ్ సెంటర్లలో చెబుతారు. వారు సాధారణంగా చెప్పనివి ఇంకో మూడు ఉన్నాయి.

మొదటిది, పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు పూర్తిచేసినవారు, డిగ్రీ అర్హతగా ఉన్న కేంద్ర గ్రూప్ సి ఉద్యోగాలకు అర్హులే, ఆ ఉద్యోగానికి సాంకేతిక విద్య తప్పనిసరి కానంతవరకు. రెండోది, ఈ రిజర్వేషన్‌తో ఒక ఉద్యోగంలో చేరితే మళ్లీ దాన్ని వాడుకోలేరన్నది నియమం. అయితే చేరిన వెంటనే, అప్పటికే దరఖాస్తు పెట్టి ఉన్న ఇతర ఉద్యోగాల వివరాలు తేదీలతో సహా స్వయం ప్రకటనగా కొత్త కార్యాలయానికి ఇస్తే, వాటికి ఆ హక్కు నిలుస్తుంది. 2014 ఆగస్టులో వచ్చిన ఈ వెసులుబాటును ఒక్క కాగితం రాసి ఇవ్వక వదులుకున్నవారు ఎందరో. చేరిన రోజునే ఇవ్వండి, ఆఫీసు ముద్ర వేయించిన నకలు దగ్గర ఉంచుకోండి.

మూడోది భార్యకు సంబంధించింది. సైన్యం నుంచి వచ్చి ప్రభుత్వ ఉద్యోగం చేసినవారు మరణిస్తే, ఒకప్పుడు సైనిక, పౌర కుటుంబ పెన్షన్లలో ఏదో ఒకటే ఎంచుకోవలసి వచ్చేది. 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ పొందవచ్చు. అంతకుముందే భర్తను పోగొట్టుకుని ఒక్క పెన్షన్‌తో సరిపెట్టుకున్న వితంతువులకు కూడా ఆ తేదీ నుంచి ఈ ఆర్థిక ప్రయోజనం వర్తిస్తుంది. ఆ సంగతి వారికి చెప్పేవారే కరవయ్యారు.

సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునేవారికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మాజీ సైనికులు ప్రత్యేక వర్గం కింద లెక్క. సొంత వాటా 10 శాతానికి బదులు 5 శాతం చాలు. సబ్సిడీ పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. బ్యాంకులో దరఖాస్తును సాధారణ వర్గంలో వేసేస్తే సబ్సిడీలో పదేసి శాతం పోయినట్టే కనుక ఆ గడిని మీ కళ్లతో చూసి సంతకం పెట్టండి.

వైకల్య పెన్షన్

సర్వీసు పూర్తయినప్పుడు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డులో రక్తపోటో, మధుమేహమో, వెన్నునొప్పో రాసి, అది సైనిక సేవ వల్ల రాలేదని తేల్చేస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. భర్తీ సమయంలో నమోదు కాని జబ్బు తర్వాత బయటపడితే, సేవ వల్ల రాలేదని నిరూపించే బాధ్యత యాజమాన్యానిదేనని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికి కూడా వైకల్య శాతాన్ని పైకి సవరించాలని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో తీర్పు వచ్చింది. అంటే 20 శాతం నుంచి 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 మధ్య ఉంటే 75గా, ఆపైన 100గా లెక్కిస్తారు. 2023 సెప్టెంబరులో కొత్త నియమాలు వచ్చాయి కాబట్టి ఆ తర్వాత రిటైరైనవారు పాత తీర్పులను నేరుగా నమ్ముకోకూడదు.

ఏం చేయాలంటే, మెడికల్ బోర్డు పత్రాల పూర్తి నకలు మీ దగ్గర లేకపోతే రికార్డు ఆఫీసుకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి తెప్పించుకోండి. తిరస్కరణ ఉత్తరంలో చెప్పిన గడువులోపు మొదటి అప్పీలు, అది పోతే రెండో అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆలస్యమైనా హక్కు పోకపోవచ్చు గానీ, బకాయిలను సాధారణంగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితం చేస్తారు. ఏడాది ఊరుకుంటే ఏడాది డబ్బు పోతుందన్నమాట.

ఆసుపత్రి, బీమా

ఈసీహెచ్ఎస్‌లో పెళ్లికాని, సంపాదన లేని కూతురికి వయసు పరిమితి లేదు. కొడుక్కి 25 ఏళ్ల వరకే. గుండెపోటు వంటి అత్యవసరంలో జాబితాలో లేని ఆసుపత్రిలో చేర్చినా, దగ్గరలోని ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కు 48 గంటల్లోగా తెలియజేస్తే నిర్ణీత రేట్ల మేరకు ఖర్చు తిరిగి వస్తుంది. పాలీక్లినిక్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి, ఎందుకంటే ఆ రోజు ఫోన్ చేసేది మీరు కాదు.

బీమా సంగతి ఇంట్లో తప్పకుండా చెప్పాలి. సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వారు ఒకేసారి మొత్తం మినహాయించుకుని, పదవీ విరమణ తర్వాత కూడా కొంత వయసు వరకు జీవిత బీమా కొనసాగిస్తారు. ఆ పత్రం ఏ సంచిలో ఉందో భార్యకు తెలియకపోతే క్లెయిము పెట్టేవారే ఉండరు. అలాగే పెన్షన్ పడే ఖాతా మామూలు సేవింగ్స్ ఖాతాగా ఉంటే, దాన్ని రక్షణ శాఖ ప్యాకేజీ ఖాతాగా మార్చమని బ్యాంకుకు రాసివ్వండి; చాలా బ్యాంకులు దానితోపాటు ప్రమాద బీమా ఉచితంగా ఇస్తాయి.

భూమి, న్యాయ సహాయం

తెలుగు రాష్ట్రాల్లో మాజీ సైనికులకు అసైన్ చేసిన భూమిని, ఇతర అసైన్డ్ భూముల్లా కాక, పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు. అయితే ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ నిషేధిత జాబితాలో ఉండిపోయి ఉంటుంది. అసైన్‌మెంట్ పట్టా, డిశ్చార్జి బుక్కు జతచేసి కలెక్టరు కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకున్నాకే బేరం మాట్లాడాలి. ముందే బయానా తీసుకుని తర్వాత చిక్కుల్లో పడటం మన పల్లెల్లో కొత్తేమీ కాదు.

ఏ దరఖాస్తు తిరస్కరించినా కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. వకీలుకు ఇచ్చుకునే స్తోమత లేదని ఆగవద్దు. జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జులై 26న వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. దాని కింద సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు ఏర్పాటు చేస్తున్నారు. భూమి తగాదా అయినా, పెన్షన్ పేచీ అయినా అక్కడ చెప్పుకోవచ్చు. మీ జిల్లాలో అది ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో ఫోన్ చేసి కనుక్కుని, తిరస్కరణ ఉత్తరం అసలు ప్రతితోపాటు రెండు నకళ్లు తీసుకువెళ్లండి.